ఎకరం అడవి, ఒక రోజు ఇనుము: హోప్‌వెల్ నేపథ్యం

ఇనుము కరిగించే హోప్‌వెల్ కొలిమి మండినన్నాళ్లూ రోజుకు సుమారు ఎకరం అడవి దానికి ఆహుతయ్యేది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో, ఫ్రెంచ్ క్రీక్ వాగు పక్కన 1771లో మార్క్ బర్డ్ దీన్ని కట్టించాడు. ఇనుప ఖనిజం, సున్నపురాయి చుట్టుపక్కలే దొరికేవి. నీటి చక్రం తిరిగి కొలిమికి గాలి ఊదేది. తీరనిది కట్టెబొగ్గు అవసరమే. చెట్లు కొట్టేవాళ్లు కొందరు. ఆ దుంగల్ని పేర్చి, మట్టి కప్పి, మంట పైకి లేవకుండా రాత్రింబవళ్లు కాపలా కాసి బొగ్గు చేసేవాళ్లు ఇంకొందరు. నా దృష్టిలో ఈ ఊరు ముందు వాళ్లది, తర్వాతే యజమాని బంగళాది.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి ఇక్కడ ఫిరంగులు పోతపోశారు. బర్డ్‌కు రావలసిన డబ్బు సరిగా చేతికి రాలేదు. చివరకు అప్పులపాలై కొలిమినే పోగొట్టుకున్నాడు. అతను బానిసల యజమాని కూడా. ఆ మాట దాటేసి ఈ ఊరి కథ చెప్పడం అన్యాయం.

1800లో బక్లీ, బ్రూక్ కుటుంబీకులు దీన్ని కొన్నారు. మంచి రోజులు 1820 నుంచి 1840 దాకా నడిచాయి. అప్పటి పేరంతా ఇనుప పొయ్యిలదే. ఇసుక అచ్చుల్లో పలకలు పోసేవారు. మొత్తం మీద 80 వేలకు పైగా పొయ్యిలు ఇక్కడివే. ఆ తర్వాత రాతిబొగ్గుతో నడిచే పెద్ద కొలిములు రావడంతో కట్టెబొగ్గు ఇనుము ధరకు నిలవలేదు. 1853లో ఇక్కడా రాతిబొగ్గు కొలిమి కట్టి చూశారు, అచ్చిరాలేదు. 1883లో పాత కొలిమి చల్లారింది.

ఊరు మిగలడం మాత్రం దాదాపు యాదృచ్ఛికం. మహామాంద్యం కాలంలో, 1935లో, ప్రభుత్వం ఈ నేలను విహార వనం కోసం కొన్నది. ఉపాధి పథకంలో వచ్చిన యువకులు పనిచేస్తుండగా ఈ కట్టడాల విలువ తెలిసివచ్చింది. 1938లో జాతీయ చారిత్రక స్థలమైంది. ఇప్పుడు బంగళా, అంగడి, కూలీల ఇళ్లు, తిరిగే చక్రం, అన్నీ చూడవచ్చు. నరికిన అడవి మళ్లీ పెరిగి ఊరిని చుట్టేసింది.

అక్కడ నడుస్తుంటే నాకు నిజామాబాద్ జిల్లా కోనసముద్రమే గుర్తొస్తుంది. మూసల్లో, అంటే చిన్న మట్టి పాత్రల్లో, కరిగించిన అక్కడి ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంతదూరం వచ్చేవారు. 1820లలో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వాయిసీ ఆ పనిని కళ్లారా చూసి రాశాడు. ఆ కొలిముల ఆనవాళ్లు ఇప్పుడు వెతుక్కోవలసిందే, చిట్టెం (ఇనుము కరిగించగా మిగిలిన మడ్డి) గుట్టల్లో, మూసల పెంకుల్లో.