నేపుల్స్ పిజ్జా: అపోహలు - వాస్తవాలు

మహబూబ్‌నగర్‌లో కట్టెల ఓవెన్ పెట్టి పిజ్జాలు చేయడం మొదలుపెట్టిన నాటి నుంచి నన్ను ఎక్కువ మంది అడిగిన ప్రశ్న, ఇటలీలోని నేపుల్స్ నగరపు అసలైన పిజ్జా చేసే హోటల్‌ను గుర్తుపట్టడం ఎట్లా అన్నదే. బోర్డు మీద ఇటలీ జెండా చూసి నమ్మేవారు కొందరైతే, ధర చూసి నమ్మేవారు మరికొందరు. చూడవలసింది పిండిని. పిండి బాగా పులిసి, ఓవెన్ బాగా కాగిన చోట కనిపించే గుర్తులనే చాలామంది లోపాలుగా భావించి, మంచి పిజ్జాను తిప్పి పంపుతున్నారు.

అపోహ: మధ్యలో మెత్తగా ఉంటే సరిగా కాలలేదని అర్థం.

వాస్తవం: మొదటి నెలలో ఒక పెద్దమనిషి రెండు ముక్కలు తిని, ప్లేటు నా వైపు జరిపి, "గిది కాలలే బిడ్డా, మల్లొకపారి పెట్టు" అన్నారు. పెట్టాను. అప్పడంలా పెళుసెక్కిన దానిని ఆయన తృప్తిగా తిన్నారు. నేను మాత్రం ముందు రోజు నుంచి పులియబెట్టిన పిండిని తలుచుకుని ఊరుకున్నాను. నేపుల్స్ పిజ్జా 430 నుంచి 480 డిగ్రీల సెల్సియస్ వేడిలో 60 నుంచి 90 సెకన్లలో కాలుతుంది. అంత తక్కువ సమయంలో పిండిలోని తేమ ఆవిరై పోలేదు కనుక అది మెత్తగా, నాలుగు మడతలు పెట్టినా విరగకుండా ఉంటుంది. మామూలు ఓవెన్‌లో 250 డిగ్రీల వద్ద ఎనిమిది, పది నిమిషాలు ఉంచితే పిండి ఎండి కరకరలాడుతుంది. అదీ రుచికరమైనదే కావచ్చు, కానీ అది వేరే రకం.

అపోహ: నల్ల మచ్చలుంటే మాడినట్లే.

వాస్తవం: నెమ్మదిగా పులిసిన పిండి పైన పల్చని బుడగలు లేస్తాయి, వేడికి ముందుగా నల్లబడేవి అవే. బంగారు రంగు అంచు మీద అక్కడక్కడ చిరుతపులి మచ్చల్లా కనిపిస్తే అది పనితనం. అడుగు భాగమంతా బొగ్గులా మారి నాలుకకు చేదు తగిలితే మాత్రం మాడినట్లే, అప్పుడు నిస్సంకోచంగా తిప్పి పంపండి.

అపోహ: పిండి, చీజ్ అన్నీ ఇటలీ నుంచి వస్తేనే అది అసలైనది.

వాస్తవం: ప్రాణమంతా పద్ధతిలో ఉంది. నేపుల్స్‌లో 1984లో ఏర్పడిన 'వెరాచే పిజ్జా నపొలెతానా' సంఘం నియమాల ప్రకారం పిండిలో ఉండవలసినవి గోధుమ పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్ మాత్రమే. నూనె, చక్కెర ఉండవు. లీటరు నీటికి 1.6 నుంచి 1.8 కిలోల పిండి, 40 నుంచి 60 గ్రాముల ఉప్పు పడతాయి. ఇటలీ పిండి సంచి మీద కనిపించే '00' అన్న గుర్తు దానిలోంచి తవుడు ఎంతగా తీసేశారో చెబుతుందే తప్ప, పిండి ఎంత బలమైనదో చెప్పదు. బలం గ్లూటెన్‌లో, అంటే పిండిని సాగేలా చేసే ప్రొటీన్‌లో ఉంటుంది. మనకు దొరికే మైదాలో అది ఒక్కో సంచికి ఒక్కో తీరుగా ఉండడం వల్ల కొత్త సంచి విప్పిన ప్రతిసారీ కొద్దిగా కలిపి, సాగదీసి చూసుకుంటాను.

అప్పడాల కర్ర కూడా పనికిరాదు. పిండి ఉండను మధ్య నుంచి అంచుల వైపు వేళ్లతో నొక్కుకుంటూ పోతే లోపలి గాలి అంచుకు చేరి, కాలేటప్పుడు అంచు పొంగుతుంది; కర్రతో ఒత్తితే ఆ గాలంతా పోతుంది. మా అమ్మ ఇది చూసి జొన్న రొట్టె తట్టినట్టే ఉందన్నది. చేతిపని ఒకటే, కారణం వేరు: జొన్న పిండిలో గ్లూటెన్ లేక సాగదు కనుక వేడినీళ్లతో కలిపి తట్టవలసి వస్తుంది, ఇక్కడ సాగే గుణం ఉంది కనుకనే వేళ్లు చాలు.

ఇటలీలో లేని చిక్కు మనకొకటి ఉన్నది, అది పాలమూరు ఎండ. నేను మొదటి ఏడాది మే నెలలో చలికాలం కొలతతోనే ఈస్ట్ వేశాను. సాయంత్రానికల్లా డబ్బాల మూతలు లేచి, ఉండలన్నీ ఒకదానికొకటి అంటుకుని, పుల్లటి వాసనతో జారిపోయాయి. ఆ రోజు షటర్ దించేశాను. ఇప్పుడు ఎండాకాలంలో ఈస్ట్ చిటికెడుకు తగ్గించి, ఐస్ నీళ్లతో కలుపుతాను.

అపోహ: చీజ్ ఎంత ఎక్కువైతే అంత మంచి పిజ్జా.

వాస్తవం: నేపుల్స్‌లో చీజ్ వేసే మార్గెరితా పిజ్జా అంత పేరున్న మారినారా పిజ్జాలో చీజే ఉండదు, టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె అంతే. చీజ్ వేసేవాటిలోనూ తాజా మొజరెల్లా చీజ్‌ను ముందుగా వడగట్టి కొద్దిగానే వేస్తారు, లేకపోతే అది వదిలిన నీటిలో పిజ్జా తేలుతుంది. నేపుల్స్ ఉన్న కాంపానియా ప్రాంతపు పేరుమోసిన మొజరెల్లా గేదె పాలతోనే చేస్తారని చెబితే, పాడి రైతులున్న మన ఊళ్లలో ఇప్పటికీ నమ్మరు.

అపోహ: కట్టెల పొగ వల్లే ఆ రుచి.

వాస్తవం: ఒకటిన్నర నిమిషంలో పొగ వాసన పట్టదు. నేను తుమ్మ కట్టెలు వాడేది వాటి మంట తీవ్రత కోసం. ఆ వేడిని అందుకోగలిగిన గ్యాస్ ఓవెన్‌లోనూ మంచి పిజ్జా వస్తుంది.

కాబట్టి కొత్త హోటల్‌కు వెళ్లినప్పుడు చీజ్ నిండిన పిజ్జా కాకుండా మారినారా అడగండి. దాచడానికి చీజ్ లేదు కనుక పిండి ఎట్లా పులిసిందో తెలిసిపోతుంది. ఎన్ని గంటలు పులియబెట్టారని వంటవాడిని అడగండి. ప్లేటు రాగానే ఒక ముక్కను ఎత్తి అడుగు భాగం చూడండి, ఆ తర్వాత అంచును విరిచి లోపల గాలి గదులు ఉన్నాయో లేదో చూసి తినండి.