చలి మొదలవగానే సన్‌స్క్రీన్ పక్కన పెట్టేస్తున్నారా? అపోహలు - వాస్తవాలు

చలికాలం సగానికి వచ్చేసరికి నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఒకే మాట చెబుతారు. "డాక్టర్ గారూ, మంగు మచ్చలు బాగా తగ్గాయి కదా, అసలు ఎండే లేని ఈ రోజుల్లో మళ్లీ ఎందుకు ముదిరాయో అర్థం కావట్లేదు." సన్‌స్క్రీన్ రాస్తున్నారా అని అడిగితే, "చలి వచ్చాక ఆపేశానండీ" అంటారు. చర్మవైద్యురాలిగా ఈ సంభాషణ ప్రతి ఏడూ నాకు మామూలే. అందుకే పదేపదే వినే కొన్ని నమ్మకాల గురించి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఎండ చురుక్కుమనకపోతే చర్మానికి ఏమీ కాదు

ఎండలో నిలబడితే ఒంటికి తెలిసే వేడి ముఖ్యంగా పరారుణ కిరణాలది. చర్మాన్ని పాడుచేసే అతినీలలోహిత (యూవీ) కిరణాలు కంటికి కనపడవు, ఒంటికి వేడిగానూ తగలవు. కాబట్టి చలిగా ఉందా, వెచ్చగా ఉందా అన్నదాన్ని బట్టి వాటిని అంచనా వేయలేం.

వీటిలో మనం పట్టించుకోవలసినవి రెండు రకాలు. యూవీబీ చర్మం పైపొరను కాల్చి ఎర్రగా కమిలేలా చేస్తుంది. యూవీఏ ఇంకా లోపలికి దిగి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ను దెబ్బతీస్తుంది. ముడతల్లో, నల్లమచ్చల్లో దాని పాత్ర పెద్దది. చలికాలంలో సూర్యుడు ఆకాశంలో కిందుగా ఉంటాడు. కిరణాలు ఏటవాలుగా వస్తూ వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి. ఆ దారిలో ఓజోన్ పొర యూవీబీని చాలావరకు పట్టేస్తుంది. యూవీఏని ఓజోన్ పెద్దగా ఆపలేదు, అందుకే అది అంతగా తగ్గదు. మనం మోసపోయేది ఇక్కడే. చర్మం కమలదు, మంట పుట్టదు, అంటే జాగ్రత్త పడమని చెప్పే గుర్తు ఏదీ ఉండదు. లోపల నష్టం మాత్రం మెల్లగా జరిగిపోతూనే ఉంటుంది.

అలాగని అందరినీ భయపెట్టడం నాకు ఇష్టం లేదు. ధ్రువాలకు దగ్గరగా ఉండే చోట్ల నడి చలికాలంలో ఈ కిరణాలు నిజంగానే బాగా తగ్గిపోతాయి. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ చలికాలానికీ మిగతా కాలానికీ తేడా తగ్గుతుంది. ఫోన్‌లో వాతావరణం చూసే యాప్‌లోనే యూవీ ఇండెక్స్, అంటే ఈ కిరణాలు ఎంత బలంగా ఉన్నాయో చెప్పే అంకె ఉంటుంది. అది 3 లేదా ఆ పైన ఉంటే రక్షణ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. యాప్ లేకపోతే మీ నీడను చూసుకోండి. నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉందంటే కిరణాలు బలంగా ఉన్నట్టే.

అపోహ: మబ్బు పట్టింది, మంచు పడుతోంది, ఇంకేం ఎండ?

పలచటి మబ్బుల గుండా 80 శాతం వరకు అతినీలలోహిత కిరణాలు దాటి వస్తాయి. కొత్తగా కురిసిన మంచు తన మీద పడ్డ కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. అంటే పై నుంచీ, కింది నుంచీ రెండు వైపులా తగులుతాయి. మంచు కొండలకు వెళ్లి వచ్చినవాళ్లకు గడ్డం కింద, ముక్కు కింద కమిలిపోయేది ఇందుకే. ఎత్తు 1000 మీటర్లు పెరిగితే కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. అసలు తొలినాటి సన్‌స్క్రీన్‌లలో ఒకటి పుట్టడానికి కారణం మంచు కొండే. ఫ్రాంజ్ గ్రైటర్ అనే రసాయన శాస్త్రవేత్త 1938లో ఆల్ప్స్‌లోని పిజ్ బుయిన్ శిఖరం ఎక్కుతూ ఒళ్లు కమిలి, తర్వాత 1946లో హిమానీనదాల పేరు మీద ఒక క్రీమ్ తెచ్చాడు.

అపోహ: ఇంట్లోనే ఉంటాం కదా

మామూలు కిటికీ అద్దం యూవీబీని ఆపుతుంది, యూవీఏని మాత్రం చాలావరకు లోపలికి రానిస్తుంది. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక ఫొటో వచ్చింది. 28 ఏళ్లు డెలివరీ ట్రక్కు నడిపిన 69 ఏళ్ల మనిషి ముఖం అది. కిటికీ వైపున్న ఎడమ సగం చర్మం మందంగా, గతుకులుగా, లోతైన ముడతలతో ఉంది. కుడి సగం చూస్తే ఇంకెవరిదో అనిపిస్తుంది. ఆ ఫొటోను నేను ఇప్పటికీ పేషెంట్లకు చూపిస్తుంటాను.

నా దగ్గరికి వచ్చే ఒకామె ఇంటి నుంచే పని చేస్తుంది. మంగు రెండు బుగ్గల మీదా ఉన్నా, ఎడమ వైపు కాఫీ మరకంత ముదురుగా కనిపించింది. ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టుకుంటారని అడిగాను. చలికి కాస్త వెచ్చగా ఉంటుందని కిటికీ పక్కకు జరుపుకుందట, ఎడమ చేతి వైపు. టేబుల్ తిప్పమని చెప్పాక గానీ మందు పని చేయడం మొదలవలేదు.

అపోహ: చామనఛాయ వాళ్లకు సన్‌స్క్రీన్ అక్కర్లేదు

చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కొంత కాపాడుతుంది, నిజమే. తెల్లటి చర్మం కాలినంత త్వరగా మనది కాలదు. కానీ మనకు మచ్చలు త్వరగా వస్తాయి, ఓ పట్టాన పోవు. పైగా మంగు ఉన్నవాళ్లకు కంటికి కనిపించే మామూలు వెలుగు కూడా మచ్చను ముదరబెడుతుంది. అలాంటివాళ్లకు ఐరన్ ఆక్సైడ్ కలిసిన, కాస్త చర్మపు రంగులో ఉండే సన్‌స్క్రీన్ మేలు. యూవీ ఇండెక్స్ తక్కువున్న రోజుల్లోనూ వీళ్లను మానవద్దంటాను.

అపోహ: ఎస్‌పీఎఫ్ 50 కాబట్టి కొంచెం రాస్తే చాలు

ఎస్‌పీఎఫ్ అంటే చర్మం కమలకుండా సన్‌స్క్రీన్ ఎంత కాపాడుతుందో చెప్పే అంకె. ఎస్‌పీఎఫ్ 30 యూవీబీలో సుమారు 97 శాతాన్ని ఆపితే, 50 ఆపేది 98 శాతం. తేడా అంతే. ల్యాబ్‌లో పరీక్షించేటప్పుడు ఒక చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాస్తారు. ఇంట్లో చాలామంది రాసేది అందులో సగం కూడా ఉండదు. చూపుడు వేలు, మధ్య వేలు రెండింటి మీదా పొడవునా పిండుకుంటే ముఖానికి, మెడకు సరిపోతుంది. ఆ లెక్కన రోజుకు ఒక్కసారి రాసినా 50 గ్రాముల ట్యూబు నెలన్నరకు అయిపోవాలి. పేషెంట్లను ట్యూబు తెమ్మని అడిగేది అందుకే. ఆరు నెలల కింద కొన్నది ఇంకా సగం ఉందంటే మందు మార్చాల్సిన పని లేదు, మోతాదు మార్చాలి.

కొనేటప్పుడు బ్రాడ్ స్పెక్ట్రమ్ (యూవీఏ, యూవీబీ రెండింటి నుంచీ కాపాడేది) అని ఉందో లేదో చూడండి. ఎస్‌పీఎఫ్ అంకె ప్రధానంగా యూవీబీ గురించి చెబుతుంది, యూవీఏ సంగతి దాన్నిబట్టి తెలియదు. బయటే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

అపోహ: సన్‌స్క్రీన్ రాస్తే విటమిన్ డి అందదు

మనం మామూలుగా రాసుకునే తీరులో అలా జరగదు. లోపం ఉందని అనుమానమైతే రక్తపరీక్ష చేయించుకుని మాత్రలు వేసుకోండి.

అపోహ: చలికాలంలో మాయిశ్చరైజర్ ఉంటే చాలు

రెండూ చేసే పనులు వేరు. చల్లటి గాలిలో తేమ తక్కువ, వేడినీళ్ల స్నానం చర్మంలోని సహజమైన కొవ్వులను కడిగేస్తుంది. పొడిబారిన చర్మం మీద సన్‌స్క్రీన్ రాస్తే పొట్టులా లేస్తోందని కొందరు ఆపేస్తారు. గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేసి, ఒళ్లు పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి. అది ఇంకాక సన్‌స్క్రీన్ రాయండి. ఈ కాలానికి జెల్ కంటే క్రీమ్ రకం నయం. చెవులు, అరచేతుల వెనక భాగం మరచిపోవద్దు.

పెదవులకు ఎస్‌పీఎఫ్ ఉన్న లిప్ బామ్ వాడండి, ముఖ్యంగా కింది పెదవికి. అక్కడ మెలనిన్ తక్కువ, ఎండ నేరుగా పడుతుంది. ఆరిపోతున్నాయని నాలుకతో తడుపుకుంటే ఆ తడి ఆరుతూ ఉన్న తేమనూ లాగేసుకుంటుంది. చేయి జేబులోకి పోగానే దొరికేలా బామ్‌ను అక్కడే ఉంచుకోండి.