నాలుగన్నారు సరే, సున్నా ఎందుకు కాదు?

కౌన్సెలింగ్ నేర్చుకుంటున్న ఒక పాఠకురాలు అడిగారు: "క్లయింట్లు సెషన్‌లో అన్నిటికీ తలూపుతారు. ఇచ్చిన హోంవర్క్ మాత్రం చెయ్యకుండా వస్తారు. లోపం పద్ధతిదా, మనిషిదా?"

ముందు కౌన్సెలర్‌కూ క్లయింట్‌కూ మధ్య సంభాషణ ఎలా నడిచిందో చూడాలంటాను.

కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే సీబీటీ, పాఠం మొదటినుంచీ చెప్పే ఓపిక నాకు లేదు. ఆలోచన, భావం, ప్రవర్తన ఒకదాన్నొకటి లాగుతుంటాయనీ, మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో డిప్రెషన్ మీద పనిచేస్తూ దీనికి రూపమిచ్చాడనీ తెలిస్తే చాలు. అసలు పని చాలావరకు సెషన్ బయటే జరగాలి. తలలో తిరిగే ఆలోచనలు కాగితం మీద పెట్టాలి, భయపెట్టే పనిని మెట్టు మెట్టుగా చెయ్యాలి. అవి జరగకపోతే సీబీటీ వారానికోసారి చెప్పుకునే మంచి కబురుగా మిగులుతుంది.

చెయ్యనివారితో మనం ఏం చేస్తాం? వివరిస్తాం, నచ్చజెబుతాం, ఆఖరికి నిలదీస్తాం. 1985లో ప్యాటర్సన్, ఫోర్గాచ్ అనే పరిశోధకులు దీన్నే పరీక్షించారు. థెరపిస్టు కావాలనే కాసేపు బోధించి, నిలదీసి, తర్వాత మానేసి, మళ్లీ మొదలుపెట్టాలి. బోధన మొదలైనప్పుడల్లా ఎదుటివారి మొండికేత పెరిగింది, మానగానే తగ్గింది. తరగతి గదుల్లోనూ ఎవరైనా ఈ ప్రయోగం చేస్తే చూడాలని నాకెంతో కోరిక!

మారాలా వద్దా అని ఊగిసలాడే మనిషిలో రెండు వాదనలూ ఉంటాయి. త్రాసులో ఒకవైపు కౌన్సెలర్ బరువులు వేస్తుంటే, సమం చెయ్యడానికి క్లయింట్ రెండోవైపు వేస్తాడు. మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో, మద్యంతో ఇబ్బంది పడేవారితో చేసిన పని ఆధారంగా, మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్‌ను, అంటే మనిషిలోని ప్రేరణను పైకి తెచ్చే సంభాషణ పద్ధతిని, ప్రతిపాదించింది ఈ చిక్కును విడదీయడానికే. మారాలన్న వాదన క్లయింట్ నోటే రావాలి. స్టీఫెన్ రోల్‌నిక్‌తో కలిసి 1991లో దాన్ని పుస్తకంగా తెచ్చాడు. వేదికెక్కి ఉర్రూతలూగించే ఉపన్యాసాలకూ దీనికీ సంబంధం లేదు. అక్కడ మాట్లాడేవాడు ఒకడు, మారవలసినవాడు మరొకడు.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఒకే ఒక్క ప్రశ్న. సున్నా నుంచి పది దాకా ఒక కొలబద్ద ఊహించుకోమని, ఈ మార్పు మీకెంత ముఖ్యమని అడుగుతారు. "నాలుగు" అంటాడు క్లయింట్. నాలుక చివరికి వచ్చే ప్రశ్న "నాలుగేనా? పది ఎందుకు కాదు?" అన్నదే. దానికి జవాబు ఎలా ఉంటుంది? తీరిక లేదు, ఇదివరకు చూశాను, నాకంత పెద్ద సమస్యేం కాదు. మారకపోవడానికి కారణాలన్నీ మనమే అడిగి మరీ చెప్పించుకున్నాం.

ఇప్పుడు తిప్పి అడగండి: "నాలుగన్నారు సరే, సున్నా ఎందుకు కాదు?" దీనికి సూటిగా జవాబు చెప్పాలంటే మార్పు వైపు మాట్లాడక తప్పదు. "రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదండి. పైగా పిల్లలు కూడా నన్ను చూసి భయపడటం నేర్చుకుంటున్నారు." అంకె మారలేదు, మనిషి మారలేదు. ప్రశ్న ఎటువైపు తిరిగిందన్నదే తేడా.

సొంత నోటి మాటకు అంత బలం ఎందుకు? మన అభిప్రాయమేమిటో కొంతవరకు మన మాటల్ని, చేతల్ని చూసుకునే మనం తేల్చుకుంటామన్నాడు మనస్తత్వవేత్త డారిల్ బెమ్. 2003లో ఆమ్‌రైన్ బృందం మాదకద్రవ్యాలు వాడేవారి సెషన్లలో మాటమాటనూ కొలిచింది. కోరిక, సామర్థ్యం, కారణం, అవసరం చెప్పే మాటలు తిన్నగా ఫలితాన్ని సూచించలేదు. అవి "చేస్తాను" అనే నిబద్ధతను బలపరిచాయి. ఆ నిబద్ధత బలమే తర్వాత మానెయ్యడాన్ని సూచించింది. లెక్కకు వచ్చింది ఎన్నిసార్లు అన్నారన్నది కాదు, ఎంత గట్టిగా అన్నారన్నది, అదీ ముఖ్యంగా సెషన్ చివర్లో. "చూద్దాంలెండి", "తప్పకుండా చేస్తాను" ఒక తూకం మాటలు కావు మరి.

ఇదే కొలబద్దతో రెండో ప్రశ్న కూడా అడుగుతారు: చెయ్యగలనన్న నమ్మకం ఎంత? రెండు పద్ధతుల్నీ కలిపే కీలు ఇక్కడే ఉందని నా లెక్క. లిఫ్ట్ అంటే భయపడే మనిషి "ముఖ్యం తొమ్మిది, నమ్మకం రెండు" అంటే, ఆయనకు మారాలని ఉంది, దారే తెలియడం లేదు. అక్కడ కావలసింది సీబీటీ. మొదట తలుపు తెరిచి ఉంచి లోపల నిలబడటం, తర్వాత ఒక్క అంతస్తు. "నమ్మకం ఎనిమిది, ముఖ్యం మూడు" అంటే మెట్టు మెట్టుగా చెయ్యాల్సిన పనుల జాబితా పక్కన పెట్టి ఊగిసలాట దగ్గరికి వెళ్లాలి. పట్టుదల కొందరికి పుట్టుకతో వస్తుందనీ, మిగతావారికి రాసిపెట్టి లేదనీ అనుకోవడం జాతకాల మీద నమ్మకం లాంటిదే. మూడవ సెషన్‌లో ఎనిమిదన్నవారు ఏడవ సెషన్‌లో నాలుగనవచ్చు.

అందుకే "ముందు నాలుగు సెషన్లు ప్రేరణ, ఆపైన సీబీటీ" అని గీత గీసి వదిలేస్తే చాలదు. కెనడాలో హెన్నీ వెస్ట్రా బృందం తీవ్రమైన ఆందోళన రుగ్మత ఉన్న 85 మందితో 2016లో ప్రచురించిన అధ్యయనంలో కొందరికి పూర్తిగా సీబీటీ ఇచ్చారు. మిగతావారికి మొదట నాలుగు సెషన్లు మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్, ఆ తర్వాతి సీబీటీలోనూ ప్రతిఘటన కనిపించినప్పుడల్లా మళ్లీ అదే. రెండు గుంపులకూ మొత్తం 15 సెషన్లే. చికిత్స ముగిసేసరికి తేడా లేదు. ఏడాది తర్వాత చూస్తే కలిపి ఇచ్చినవారు మెరుగ్గా ఉన్నారు.

ఆందోళనలో ఇది పనికిరావడం వింతేం కాదు. "నేను ఆలోచించకపోతే ఇంట్లో ఏదో జరుగుతుంది" అనుకునే తల్లికి ఆందోళన ఒక కాపలా. "దానికి ఆధారమేమిటమ్మా?" అని సీబీటీ పద్ధతిలో అడిగితే ఆమె ఆధారాలు వెతికి తెస్తుంది. "ఇంటిల్లిపాదినీ కాపాడే పని మీ ఒక్కరి మీదే పడింది, అందులో మీరు అలసిపోయారు" అంటే, అలసట గురించి ఆమే మాట్లాడుతుంది. సోక్రటీసు ప్రశ్నలనే (మనిషి తనే ఆలోచించి తేల్చుకునేలా అడగవలసినవి) పేరుతో జవాబు జేబులో పెట్టుకుని అడిగే ప్రశ్నలు ఎన్నో విన్నాను. అది క్రాస్ ఎగ్జామినేషనే.

మారితే, మారకపోతే కలిగే లాభనష్టాల పట్టిక మాటేమిటి? అందరూ వాడే వర్క్‌షీటే. కానీ మిల్లర్, రోజ్ 2015లో పాత అధ్యయనాలు తిరగేసి చూస్తే, ఇంకా తేల్చుకోనివారిలో అది మార్పు పట్ల నిబద్ధతను తగ్గిస్తున్నట్టు కనబడింది. "మారకపోతే లాభాలు" అనే గడి నింపమనడం, "పది ఎందుకు కాదు?" అని అడగడమే కదా. ఇదివరకే నిశ్చయించుకున్నవారికి ఆ బెడద లేదు.

నేర్చుకోదలచినవారికి ఒక హెచ్చరిక. ఒక్క వర్క్‌షాప్‌తో వచ్చిన నైపుణ్యం నెలల్లో జారిపోతుందనీ, ఎవరైనా విని సరిదిద్దితేనే నిలుస్తుందనీ 2004లోనే మిల్లర్ బృందం చూపించింది. క్లయింట్ అనుమతితో ఒక సెషన్ రికార్డు చేసి, మీరడిగిన ప్రశ్నలెన్నో, క్లయింట్ మాటను తిరిగి అందించిన వాక్యాలెన్నో లెక్కపెట్టండి. ఒక ప్రశ్నకు రెండు వాక్యాలుంటే మంచి స్థాయి అంటారు. మొదటిసారి లెక్క చూసుకున్న చాలామందికి ఇది తలకిందులుగా ఉంటుంది.