బోరుకూ సెప్టిక్ ట్యాంకుకూ మధ్య

చిరంజీవులకు ఆశీస్సులు.

మన కాలనీకి డ్రైనేజీ లైను ఇంకా రాలేదు. ఇంట్లో వాడిన మురుగంతా వాకిలి కింద ఉన్న సెప్టిక్ ట్యాంకులోకి పోతుంది. ఆ పక్కనే ఉన్న బోరు నుంచి వచ్చిన నీళ్లతోనే స్నానాలు, గిన్నెలు, నల్లా రాని రోజున వంట కూడా నడుస్తాయి. ఇదంతా పెద్దవాళ్లు చూసుకుంటారని మీరు ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. రేపు ఈ ఇళ్లను చూసుకోవలసింది మీరే.

ట్యాంకులో చేరిన మురుగులో బరువైన మడ్డి అడుగుకు దిగుతుంది, నూనె, జిడ్డు తెట్టెలా పైకి తేలుతాయి, మధ్యనున్న నీరు రెండో గదిలోకి, అక్కడి నుంచి నేలలోకి ఇంకే గుంతలోకి పోతుంది. గాలి అవసరం లేని సూక్ష్మజీవులు ఆ మడ్డిని కొంతవరకు కరిగిస్తాయి గాని పూర్తిగా తినెయ్యలేవు. అందుకే రెండు మూడేళ్లకు ఒకసారి, పైపుతో మడ్డిని పీల్చే లారీని పిలిపించి తీయించాలి. పొంగే దాకా ఆగితే అప్పటికే మడ్డి ఇంకే గుంతలోకి కొట్టుకుపోయి, దాని చుట్టూ ఉన్న మట్టిని మూసేసి ఉంటుంది. అప్పుడు ట్యాంకు ఖాళీ చేయించినా నాలుగు రోజులకే మళ్లీ నిండుతుంది. సీసాలకు సీసాలు యాసిడ్, ఫినాయిల్ పోస్తే ఆ సూక్ష్మజీవులు చస్తాయి. ప్యాడ్లు, డైపర్లు, వంటనూనె అందులో వేయనే కూడదు.

ఇక అసలు సంగతి దూరం. ఇంకే గుంతకూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగులు ఉండాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు ఉన్న 200 గజాల ప్లాటును ఈ మూల నుంచి ఆ మూలకు టేపు పెట్టి కొలిస్తే 62 అడుగులు కూడా రాదు. మన బోరును మన గుంతకు దూరంగా వేయాలని ఒక మూలకు జరిపితే, అది పక్కింటివారి గుంతకు దగ్గరవుతుంది. కాబట్టి మన ట్యాంకు ఒక్కటే బాగుంటే చాలదు. వీధిలోని ఇళ్లన్నీ మాట్లాడుకొని ఒకే వారంలో మడ్డి తీయించుకోవడం మంచిదని నా అభిప్రాయం.

హైదరాబాద్ నేల స్వభావం వల్ల కూడా జాగ్రత్త ఎక్కువ కావాలి. పైన కొంత మట్టి, మొరం, ఆ కింద గ్రానైట్ రాయి. బోర్లకు దొరికే నీరు చాలావరకు ఆ రాతి పగుళ్లలోదే. మట్టిలో మెల్లగా దిగే నీటిలోని క్రిములు దారిలోనే చిక్కుకుంటాయి గాని, పగులులో పడిన నీటిని వడకట్టేది ఏదీ ఉండదు. బోరు కేసింగ్ పైపు గట్టి రాయి తగిలే వరకు దిగి ఉండాలి, పైన నేలకు అడుగెత్తున నిలబడి మూతతో ఉండాలి. దాని చుట్టూ సిమెంటు గచ్చు బయటికి వాలుగా ఉంటే వాననీరు పైపు వెంట లోపలికి జారదు. బోరు పక్కన వాననీటి కోసం విడిగా తవ్విన ఇంకుడు గుంతలోకి కప్పు మీది వాననీరే పోవాలి. స్నానాల గది నీటిని కూడా అందులోకి కలిపే మేస్త్రీలు ఉన్నారు. అలా చేస్తే మన చేతులతో మనమే మురుగును బోరుకు అందించినట్టే.

మురుగు కలిసిన నీరు చూడడానికి తేటగానే ఉండవచ్చు. క్రిములు మరిగిస్తే చస్తాయి, మురుగు నుంచి నీటిలో కరిగే నైట్రేట్ అనే లవణం మాత్రం పోదు; మరిగే కొద్దీ నీరు తగ్గి దాని పాళ్లు పెరుగుతాయి. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నీటితో పాలపొడి కలిపి పడితే, పసిబిడ్డల రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేక ఒళ్లు నీలిబారే ప్రమాదం ఉంది.

ఒక్క విషయం మాత్రం ఆజ్ఞగా తీసుకోండి. ట్యాంకు మూత తీసినప్పుడు మీరు దాని దగ్గరికి పోవద్దు, లోపలికి తొంగి చూడవద్దు. అందులోని విషవాయువు మొదట కుళ్లిన గుడ్ల వాసన వేసినా, ఎక్కువైతే ముక్కు ఆ వాసనను పసిగట్టలేదు. దిగినవాడు పడిపోతే, కాపాడబోయి వెనకే దిగినవాడూ పోయిన ఘటనలు ఎన్నో జరిగాయి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపి శుభ్రం చేయించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. డబ్బు తక్కువ అవుతుందని ఎవరైనా అలా చేయిస్తుంటే పెద్దలకు వెంటనే చెప్పండి. పని లారీ పైపుతోనే జరగాలి.

వానాకాలం వెళ్లగానే బోరు నీటిని పరీక్షకు పంపుదాం. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో నీటి పరీక్షలు చేస్తారు. క్రిముల పరీక్షకు ల్యాబువాళ్లు ఇచ్చిన సీసానే వాడాలి, ఇంట్లోని కూల్‌డ్రింకు సీసా పనికిరాదు. మోటారును కొన్ని నిమిషాలు నడిపించి, మూత లోపలి వైపు వేలు తగలకుండా పట్టి, ఆ రోజే అందించాలి. నైట్రేట్ పరీక్ష కూడా చేయమని విడిగా అడగండి. వచ్చిన కాగితాన్ని, లారీ వచ్చిన తేదీని ఇంటి పత్రాల ఫైలులోనే దాచండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య