పైకెళ్లిన పరికరం లెక్క సరిగ్గా చెప్తా ఉందా?

శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది కాబట్టి పీఎస్ఎల్వీ రాకెట్ ఎగిరే రోజు మేడలెక్కి చూసేవాళ్లకి ఇక్కడ కొదవ లేదు. పొగ చెదిరిపోయాక మాత్రం ఎవరూ పట్టించుకోరు, నిజానికి సైన్స్ వాళ్లకి అసలు తలనొప్పి మొదలయ్యేది అప్పుడే. 2015 సెప్టెంబర్ 28న ఇక్కడ్నుంచే వెళ్లిన మన అంతరిక్ష టెలిస్కోప్ ఆస్ట్రోశాట్‌నే తీసుకోండి, దాంట్లో ఐదు సైన్స్ పరికరాలు, వాటినుంచి కిందికి దిగేది అందమైన ఫోటో కాదబ్బా, వట్టి నంబర్లు. ఆ నంబర్లని ఎంతవరకు నమ్మొచ్చో తేల్చేదే క్యాలిబ్రేషన్, దానికోసం రాసే సాఫ్ట్‌వేర్ గురించి పేపర్లలో ఒక్క ముక్క కూడా రాదు.

కూరగాయల మార్కెట్లో కాటా ఎట్లా చూస్తారు? ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేస్తారు, అనుమానమొస్తే ముద్రేసిన కిలో రాయి పెట్టి చూస్తారు. ఇక్కడా అంతే. వెలుతురు ఏమీ పడకపోయినా దాన్ని పట్టే డిటెక్టర్ కొంచెం సిగ్నల్ ఇస్తానే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ముందు దాన్ని కొలిచి తీసేస్తుంది. మరి కిలో రాయి? ఆస్ట్రోశాట్‌లోని సాఫ్ట్ ఎక్స్‌రే టెలిస్కోప్ కెమెరాకి నాలుగు మూలల్లో ఐరన్-55 అనే రేడియోధార్మిక పదార్థం పెట్టి పంపారు, దాన్నుంచి 5.9 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ఎక్స్‌రేలు వస్తానే ఉంటాయి. గ్రాఫ్‌లో ఆ శక్తి దగ్గర కనిపించే గీత పక్కకి జరిగిందంటే ఆకాశంలో ఏదో వింత జరిగిందని కాదు, మన డిటెక్టరే మారిందని అర్థం. ఐరన్-55 అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, సుమారు 2.7 ఏళ్లే కాబట్టి ఏటికేడు ఎక్స్‌రేల సంఖ్య తగ్గిపోతుంది, కానీ వాటి శక్తి మాత్రం మారదు, అందుకే పని జరుగుతుంది.

నాకు బాగా నచ్చిన పద్ధతి యూరప్ వాళ్లది. 2009 మేలో వాళ్లు పంపిన అంతరిక్ష టెలిస్కోప్ హెర్షెల్‌కి 3.5 మీటర్ల అద్దం ఉండేది, అందరూ దాని గురించే చెప్తారు, నన్నడిగితే దాని సాఫ్ట్‌వేర్ ఇంకా గొప్ప. మామూలుగా ల్యాబ్‌లో టెస్ట్ చేసేటప్పుడు ఒక ప్రోగ్రాం, ఉపగ్రహంలో బిగించాక ఇంకోటి, పైకెళ్లాక మరోటి, చివరికి ఏ ఫైలు ఎక్కడుందో, ఏ కమాండ్‌కి ఏ జవాబొచ్చిందో ఎవరికీ గుర్తుండదు. హెర్షెల్‌లో మూడు పరికరాలకీ, అన్ని దశలకీ ఒకటే సిస్టం పెట్టుకున్నారు. దాంతో పైన ఏదైనా తేడాగా కనిపిస్తే ఏళ్ల కిందట ల్యాబ్‌లో తీసిన రీడింగ్‌ని పక్కన పెట్టి చూసుకోవచ్చు. 2013 ఏప్రిల్‌లో పరికరాల్ని చల్లగా ఉంచే హీలియం అయిపోయి అబ్జర్వేటరీ పని ఆగింది గానీ డేటాని మెరుగుపరిచే పని ఆ తర్వాత కూడా నడిచింది.

అయితే పరీక్షించేదే తప్పైతే? హబుల్ టెలిస్కోప్ కథ అదే కదా. అద్దాన్ని చెక్ చేసే పరికరంలో ఒక లెన్స్ 1.3 మిల్లీమీటర్లు తప్పు చోట కూర్చుంది, దాని మాట నమ్మి అద్దం అంచుని 2.2 మైక్రాన్లు ఎక్కువ అరగదీశారు. వేరే పరీక్షల్లో తేడా కనిపించింది కూడా, కానీ ఆ పరికరాలు అంత కచ్చితమైనవి కావులే అని పక్కన పెట్టేశారు! 1993 డిసెంబర్‌లో వ్యోమగాములు వెళ్లి సరిచేసేదాకా మసక చూపే.

ఇంకో తమాషా ఉంది. ఎక్స్‌రే టెలిస్కోపులు చాలావరకు కొలతకి క్రాబ్ నెబ్యులాని, అంటే పేలిపోయిన ఒక నక్షత్రం మిగిల్చిన మేఘాన్ని, వాడుకునేవి, దాని వెలుగు మారదని. అదే 2008 నుంచి 2010 లోపల దాదాపు 7 శాతం తగ్గింది. ఒక్క టెలిస్కోప్ చెప్తే డిటెక్టర్ పాడైందనుకునేవాళ్లు, ఫెర్మీ, స్విఫ్ట్ లాంటి ఉపగ్రహాలు వేరువేరుగా అదే మాట చెప్పేసరికి ఒప్పుకోక తప్పలేదు.

ఇందుకే ముడి డేటాని ఎప్పటికీ పారేయరు, క్యాలిబ్రేషన్ ఫైల్ కొత్తది వచ్చినప్పుడల్లా పాతదంతా మళ్లీ ప్రాసెస్ చేస్తారు. ఆస్ట్రోశాట్ డేటా 2018 నుంచి అందరికీ ఓపెన్‌గానే ఉంది, ఎస్వీ యూనివర్సిటీలోనో ఐసర్‌లోనో చదివే పిల్లలు ఇంట్లో కూర్చొని దింపుకోవచ్చు. దింపుకున్నాక మాత్రం ముందు ఏ వెర్షన్ క్యాలిబ్రేషన్‌తో ప్రాసెస్ అయిందో చూసుకోండి, ఆ తర్వాతే గ్రాఫ్ గీయండి.