ఒమాహాలో ఓడిన ఆట: అపోహలు, వాస్తవాలు

పాట్ లిమిట్ ఒమాహా అంటే చేతిలో నాలుగు ముక్కలతో ఆడే పోకర్. ఒక్కసారికి పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెంలో, ఉన్నంత వరకే పెట్టొచ్చు. అది నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చేవాళ్లు ముందుగా చెప్పుకునేది పోయిన ఆట గురించే. ఎంత పోయిందో చెబుతారు, ఎక్కడ పోయిందో మాత్రం చెప్పలేరు. నేనూ కొన్నేళ్లు అలాగే చెప్పుకున్నాను.

అపోహ: "టాప్ సెట్ (చేతిలోని జతకు బోర్డు మీది పెద్ద ముక్క కలిసి ఒకే అంకె మూడు) పెట్టుకుని ఓడాను. అంతా బ్యాడ్ లక్."

వాస్తవం: నా ఆట ఒకటి చెబుతాను. చేతిలో రెండు రాజులు, ఒక రాణి, ఒక మూడు. ఫ్లాప్‌లో (బోర్డు మీద, అంటే బల్ల మీద అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కల్లో) ఇస్పేటు రాజు, ఆఠీను ఎనిమిది, కళావరు ఏడు. పాట్‌లో 30 చిప్స్. నేను 30 పెట్టాను, అవతలాయన కాల్ చేశాడు, అంటే తనూ అంతే పెట్టాడు. టర్న్‌లో (నాలుగో ముక్కగా) జాకీ పడింది. ఆయన 90 పెట్టాడు. నా దగ్గర మిగిలినవీ సరిగ్గా 90. మూడు రాజులను ఎలా వదులుకుంటాం? కాల్ అన్నాను. రివర్‌లో (ఐదో, చివరి ముక్కగా) రెండు పడింది. ఆయన పది, తొమ్మిది, ఆరు, ఐదు తిప్పాడు.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. ఫ్లాప్‌లో నేను బాగా ముందున్నానన్నది భ్రమే. నాలుగు, ఐదు, ఆరు, తొమ్మిది, పది, జాకీ... వీటిలో ఏది పడినా ఆయనకు స్ట్రెయిటే, అంటే వరుసగా ఐదు అంకెలు; అది మూడు రాజులను మించింది. పేకలో అలాంటివి 20 ముక్కలున్నాయి. బోర్డు మీద జత పడి నాకు ఫుల్ హౌస్ (ఒక అంకె మూడు, ఇంకో అంకె రెండు; స్ట్రెయిట్‌ను మించింది) వచ్చే అవకాశాలన్నీ కలుపుకున్నా, చివరిదాకా వెళితే నూటికి దాదాపు 54 సార్లు గెలిచేది ఆయనే. అయినా అక్కడ నా పందెం తప్పు కాదు, ఆయన ముక్కలు నాకు కనపడవు కదా.

తప్పంతా టర్న్‌లో జరిగింది. జాకీ పడగానే పది, తొమ్మిది ఉన్నవాడి స్ట్రెయిట్ పూర్తయింది. అప్పటిదాకా కాల్ చేసి ఊరుకున్న మనిషి ఒక్కసారిగా పాట్ అంతా పెట్టాడంటే ఇంకేం ఉంటుంది? నన్ను కాపాడేవి 10 ముక్కలు: ఒక రాజు, మూడు జాకీలు, మూడు ఎనిమిదులు, మూడు ఏడులు. నాకు కనపడనివి 44. అంటే నూటికి 23. 90 పెట్టి 270 పాట్ కోసం ఆడాలంటే కనీసం 33 ఉండాలి. రివర్‌లో ఇంకా రాబట్టడానికి చిప్స్ కూడా లేవు. ఫోల్డ్ చేయాల్సిన, అంటే ముక్కలు వదిలేయాల్సిన చోటది.

అపోహ: గెలిచిన ఆటను మళ్లీ చూడక్కర్లేదు.

వాస్తవం: రివర్‌లో ఇంకో జాకీ పడి ఉంటే ఆ 270 నాకే వచ్చేవి. అప్పుడు కూడా ఆ కాల్ తప్పే. కాకపోతే గెలిచాం కదా అని ఆ తప్పును మళ్లీ చూసేవాళ్లే ఉండేవారు కాదు.

అపోహ: పాట్ లిమిట్ కాబట్టి నష్టానికి హద్దు ఉంటుంది.

వాస్తవం: పాట్ 10 దగ్గర మొదలైతే, ఫ్లాప్‌లో 10, టర్న్‌లో 30, రివర్‌లో 90. మూడు కాల్స్‌లో 130 పోతాయి.

అపోహ: నాలుగు ముక్కల్లో ఎన్నైనా వాడుకోవచ్చు.

వాస్తవం: చేతిలోంచి కచ్చితంగా రెండు, బోర్డు నుంచి మూడు. బోర్డు మీద నాలుగు ఆఠీన్లు ఉండి, మీ చేతిలో ఆఠీను ఆసు ఒక్కటే ఉంటే ఫ్లష్ (ఒకే గుర్తువి ఐదు ముక్కలు) లేనట్టే.

అపోహ: ఓడిన వెంటనే విశ్లేషించుకోవాలి.

వాస్తవం: ఆ టెన్షన్‌లో లెక్క కుదరదు. పాట్ ఎంత, ఎవరి దగ్గర ఎన్ని మిగిలాయి, ఎవరు ఎప్పుడు ఎంత పెట్టారు, ఇవి మాత్రం రాసి పెట్టుకోండి. అవతలివాళ్ల ముక్కలు కాగితం వెనకవైపు రాయండి. మర్నాడు ముందువైపు మాత్రమే చూస్తూ టర్న్ దగ్గర మళ్లీ నిర్ణయం తీసుకోండి. ఆ తర్వాతే కాగితం తిప్పండి.