“పిల్లల్ని బడి మాన్పించారట కదా!” – ఇంటి చదువుపై అపోహలు, వాస్తవాలు

గత జూన్ నుంచి మా ఇద్దరు పిల్లలకు ఇంట్లోనే చదువు చెబుతున్నాను. అబ్బాయిది ఎనిమిదో తరగతి వయసు, అమ్మాయిది నాలుగో తరగతి వయసు. అంతకుముందు నేను లెక్కల టీచరును. మాది సికింద్రాబాద్‌లో ఉంటున్న క్రైస్తవ కుటుంబం. ఏడాదిగా చర్చి ఆవరణలో, అపార్ట్‌మెంట్ లిఫ్టులో, పెళ్లి భోజనాల దగ్గర ఒకే రకం ప్రశ్నలు ఎదురవుతున్నాయి. అడిగేవాళ్లలో సగం మందికి జవాబుతో పనిలేదు, తీర్పు ముందే సిద్ధంగా ఉంటుంది. మిగతా సగం కోసం ఇది రాస్తున్నాను.

అపోహ: ఇది చట్టవిరుద్ధం.

2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు అది వర్తిస్తుంది. పిల్లలను దగ్గరలోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ చెబుతోంది. చేర్చకపోతే ఫలానా శిక్ష అని మాత్రం చట్టంలో లేదు. ఇంటి చదువును పేరుపెట్టి అనుమతించిందీ లేదు, నిషేధించిందీ లేదు. అందుకే “జైల్లో వేస్తారు” అని భయపెట్టేవాళ్ల మాట ఎంత తప్పో, “అంతా చట్టబద్ధమే, నిశ్చింతగా ఉండండి” అని భరోసా ఇచ్చేవాళ్ల మాటా అంతే తప్పు. ఈ సందిగ్ధం భరించలేమనుకుంటే ఈ దారిలోకి రాకపోవడమే మేలు.

అపోహ: పదో తరగతి సర్టిఫికెట్ రాదు, ఇక డాక్టరూ ఇంజినీరూ కాలేరు.

జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఉంది, మన తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ఉంది. 14 ఏళ్లు నిండితే పది రాయవచ్చు. జాతీయ సంస్థలో ఉత్తీర్ణతకు 5 సబ్జెక్టులు చాలు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్–మే నెలల్లోనూ అక్టోబరు–నవంబరు నెలల్లోనూ జరుగుతాయి. తెలుగు మాధ్యమంలోనూ రాయవచ్చు. ఓపెన్‌లో చదివినవారు నీట్‌కు అనర్హులన్న నిబంధన ఒకప్పుడు ఉండేది. 2018లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ పాత కబురే మన బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా తిరుగుతోంది.

అపోహ: క్రైస్తవులు కదా, లోకానికి భయపడి పిల్లల్ని దాచుకుంటున్నారు.

ఈ మాట బయటివాళ్లకంటే మా చర్చిలోనే ఎక్కువగా విన్నాను. మా సంఘ పెద్ద ఒకాయన ఆరాధన ముగిశాక నన్ను పక్కకు పిలిచి, “అమ్మా, మా తాతను ఊరి బడి అరుగు కూడా ఎక్కనివ్వలేదు. మిషన్ బడి లేకపోతే నేను ఈ రోజు బ్యాంకు పింఛను తీసుకునేవాణ్నే కాదు. మీరేమో చేతికందిన బడిని వదిలేస్తున్నారు” అన్నారు. ఆ మాటను అపోహల జాబితాలో వేయలేను. ఆబిడ్స్‌లోని సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్ 1834 నాటిది. ఈ జంటనగరాల్లో, మెదక్ పల్లెల్లో అక్షరానికి నోచుకోని ఎన్నో కుటుంబాలు మిషన్ బడుల వల్లే చదువుకున్నాయి. బడి మీద మాకు కోపం లేదు. మా అబ్బాయి ఉదయం ఆరున్నరకు బస్సెక్కి, సాయంత్రం ట్యూషన్ కూడా ముగించుకుని ఏడున్నరకు ఇల్లు చేరేవాడు. చేతిలో అన్నం ముద్ద పట్టుకుని నిద్రపోయేవాడు. మేము మాన్పించింది ఆ దినచర్యను. పెద్దాయనకు అదే చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పటికీ కలిసినప్పుడల్లా అబ్బాయిని ఎక్కాలు అడుగుతుంటారు.

అపోహ: రోజంతా బైబిలే చదివిస్తారు.

పొద్దున కుటుంబ ప్రార్థన, ఒక కీర్తన, ఒక అధ్యాయం. అరగంటలో అయిపోతుంది. తర్వాత లెక్కలు.

పుస్తకాల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఈ దారిలోకి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు ముందుగా చూసేది అమెరికా నుంచి వచ్చే క్రైస్తవ పాఠ్యపుస్తకాల వైపు. డాలర్లలో ధర, దానిపైన రవాణా ఖర్చు. మా స్నేహితురాలు తెప్పించుకున్న లెక్కల పుస్తకం తెరిస్తే డైములు, క్వార్టర్లు అనే అమెరికా నాణేలు, అంగుళాల్లో కురిసిన మంచు. మా అమ్మాయి చాలాసేపు చూసి, “అమ్మా, ఈ డైముతో మన కిరాణా కొట్లో ఏమొస్తుంది?” అని అడిగింది. తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి) పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చాలావాటిలో తెలుగు, ఇంగ్లిషు ఎదురెదురు పేజీల్లో ఉంటాయి. మాకు అవే సరిపోయాయి. జీవపరిణామ సిద్ధాంతం పాఠాన్ని పిల్లలకు చెప్పకుండా దాటేసే కుటుంబాలు ఉన్నాయి. నేను పూర్తిగా చదివించాను. పాఠం దాచిపెట్టి కాపాడుకోవలసినంత బలహీనమైన విశ్వాసం మాది కాదు.

అపోహ: ల్యాబ్ లేకుండా సైన్సు రాదు.

చిన్న తరగతులకు ఇది నిజం కాదు. ఎయిర్‌కూలర్ అడుగున మిగిలిన నీళ్లను గాజు సీసాలో పోసి, దోమ పిల్లలను భూతద్దంతో చూశాం. మలేరియాను మోసే అనాఫిలస్ దోమ పిల్ల నీటి ఉపరితలానికి సమాంతరంగా పడుకుంటుంది. క్యూలెక్స్, ఏడిస్ పిల్లలు తలకిందులుగా వేలాడుతూ తోక వైపున్న గొట్టంతో గాలి పీలుస్తాయి. మా సీసాలోవన్నీ తలకిందులుగానే ఉన్నాయి. “అయితే ఇవి మలేరియావి కాదు” అని అబ్బాయే తేల్చేశాడు. రెండు చుక్కల నూనె వేస్తే కాసేపటికి కదలిక ఆగిపోయింది. ఆ శనివారం వాళ్ల నాన్న ఇద్దరినీ బేగంపేటలోని రొనాల్డ్ రాస్ భవనం దగ్గరకు తీసుకెళ్లారు. హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమ కడుపులో రాస్ మలేరియా పరాన్నజీవిని కనుగొన్నది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. కుట్టించుకున్న ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చారని తెలిసి మా అమ్మాయి తన రేటు కూడా చెప్పింది.

రసాయనశాస్త్రం మాత్రం వేరు. ఆమ్లాలు, లవణాలు వచ్చేసరికి వంటింటి నిమ్మకాయ, సోడాతో కొంతదూరమే వెళ్లగలం.

అపోహ: స్నేహితులే ఉండరు.

సండే స్కూల్, వేసవిలో వీబీఎస్ (సెలవుల్లో చర్చి నడిపే బైబిల్ తరగతులు), సాయంత్రం సెల్లార్‌లో క్రికెట్. స్నేహితులకు కరువు లేదు. కానీ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది: ఎలాంటి స్నేహితులు? బడిలో మా అబ్బాయి బెంచీ మీద ఒక పక్క ముస్లిం పిల్లవాడు, మరో పక్క బోనాలకు సెలవు పెట్టే పిల్లవాడు కూర్చునేవారు. ఇంట్లో చదివే పిల్లలకు, ముఖ్యంగా మా వంటి కుటుంబాల్లో, పరిచయాలన్నీ చర్చి చుట్టూనే అల్లుకుంటాయి. హైదరాబాద్‌లో పుట్టి అలా పెరగడం పెద్ద నష్టం. అది దానంతట అది తీరదు. ఆటల కోచింగ్ మైదానం, కాలనీ గ్రంథాలయం, పక్కింటివాళ్ల ఇఫ్తార్ – తల్లిదండ్రులే పూనుకోవాలి.

అపోహ: తల్లి ఇంట్లోనే ఉంటుంది కదా, ఖర్చు లేదు.

నా జీతం?

అపోహ: ఒకసారి మానిస్తే మళ్లీ బడికి పంపలేరు.

పంపవచ్చు. మా అబ్బాయి ఈ జూన్‌లో తొమ్మిదో తరగతిలో చేరుతున్నాడు. కారణాలు రెండు: రసాయనశాస్త్రం ల్యాబ్, వాలీబాల్ జట్టు. రెండోది వాడు చెప్పిన కారణం. ఈసారి బడి ఇంటికి దగ్గరలోనే చూశాం, ట్యూషన్ లేదు. అమ్మాయి మరో ఏడాది నాతోనే ఉంటుంది. మీరూ ఈ ఆలోచనలో ఉంటే బడి మాన్పించే రోజునే టీసీ తీసుకోండి, దాని మీద పిల్లల పెన్ నంబరు (శాశ్వత విద్యా సంఖ్య) ఉందో లేదో చూసుకోండి. ఏ నెలలో ఏ పాఠం అయిందో ఒక పుస్తకంలో రాసి, వాళ్లు రాసిన పరీక్ష కాగితాలు ఫైల్లో పెట్టండి. చేర్చుకునేముందు ప్రిన్సిపాల్ గారు మొదట అడిగింది ఆ ఫైలే.